మహమ్మద్ హబీబ్

మహమ్మద్ హబీబ్ (1949 జులై 17 – 2023 ఆగస్టు 15) హైదరాబాద్‌లో పుట్టి, కోల్‌కతాలో పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ క్రీడాకారుడు. 1966 నుంచి 1984 దాకా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ మార్చి మార్చి ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో ఆయన ఉన్నారు. 1980లో అర్జున పురస్కారం అందుకున్నారు. కోల్‌కతా అభిమానులు ఆయనను ‘బడే మియా’ అని పిలిచేవారు. ఆటగాళ్లంతా రైల్వేలోనో బ్యాంకులోనో పోలీసు శాఖలోనో కొలువు చూసుకుంటున్న రోజుల్లో, వచ్చిన ఉద్యోగాలు వద్దని ఆటనే జీవనోపాధి చేసుకున్నందువల్ల భారతదేశపు తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌గా చాలామంది ఆయననే చెబుతారు.

రహీమ్ ఊరు

హబీబ్ ఎలాంటి ఊళ్లో పెరిగారో చెప్పకుండా ఆయన ఆట గురించి చెప్పలేం. 1950ల హైదరాబాద్ దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన నగరం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ కూడా 1956, 1957లో హైదరాబాద్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకూ రహీమే కోచ్. ఆ జట్లలో జంట నగరాల కుర్రాళ్లు ఎప్పుడూ ఉండేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ వారిలో మేటి.

రహీమ్ పద్ధతులు అప్పటికి కొత్త. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒంటరిగా దూసుకెళ్లడాన్ని నిషేధించి పోటీలు పెట్టించేవారు. వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు జరిపించారు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, ఇచ్చి ఖాళీ జాగాలోకి పరిగెత్తాలి. ఈ పాఠం నగరంలోని ప్రతి మైదానానికీ పాకింది. 1963 జూన్‌లో రహీమ్ కన్నుమూసే నాటికి హబీబ్‌కు పద్నాలుగేళ్లు నిండలేదు. కాబట్టి ఆయనను రహీమ్ నేరుగా తీర్చిదిద్దారని చెప్పడం కష్టం. రహీమ్ తయారుచేసిన గాలి పీల్చి పెరిగారని మాత్రం చెప్పవచ్చు.

ఇంట్లోనూ అదే గాలి. అన్నదమ్ములంతా ఆటగాళ్లే. తమ్ముడు మహమ్మద్ అక్బర్ ఫార్వర్డ్‌గా హబీబ్‌తో కలిసి కోల్‌కతాలో ఏళ్ల తరబడి ఆడారు. అన్నను బడే మియా అంటే, తమ్ముడిని ఛోటే మియా అనేవారు. 1976 కోల్‌కతా లీగ్‌లో మోహన్ బగాన్ తరఫున అక్బర్ ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన దాదాపు 17 సెకన్లలోనే గోల్ కొట్టారు. ఆ నగరంలో పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు.

కోల్‌కతాకు

1965–66 సీజన్ సంతోష్ ట్రోఫీ ఫైనల్ కేరళలోని కొల్లంలో జరిగింది. మొదటి మ్యాచ్ సమం కావడంతో మళ్లీ ఆడించారు. రెండోసారి బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్ విజేతగా నిలిచింది. అదే ఏడాది హబీబ్ ఆ ఓడిన బెంగాల్‌కే వెళ్లి, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే ఇప్పుడు రెండున్నర గంటల్లోపే కోల్‌కతాలో దిగుతాం. హబీబ్ తరానికి అది ఒక రాత్రి, ఒక పగలు దాటే రైలు ప్రయాణం. దిగాక భాష వేరు, తిండి వేరు, అభిమానం తీరు కూడా వేరు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజారులో ఇలిష్ చేప ధర పెరిగేది. మన గోదావరి వాళ్లు పులస అని ప్రాణం పెట్టే చేప జాతే అది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ. ఏ జట్టుకు ఆడతావన్నది అక్కడ ఇంటింటి వ్యవహారం.

ఆటగాళ్లు జట్లు మారడానికి ఒక ఋతువు ఉండేది. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఏడూ బెంగాల్ ఫుట్‌బాల్ సంఘమైన ఐఎఫ్ఏ కార్యాలయానికి వెళ్లి, ఈ ఏడాది ఎవరికి ఆడతామో సంతకం చేయాలి. ఎదుటి క్లబ్బు వాళ్ల కంట పడకుండా ఆటగాళ్లను రహస్యంగా దాచి, సమయానికి తీసుకొచ్చి సంతకం పెట్టించిన సందర్భాలు కోకొల్లలు. హబీబ్ ఆ ఋతువులో అందరి కళ్లూ పడే మనిషి. 1968లో మోహన్ బగాన్‌కు వెళ్లి, 1970లో ఈస్ట్ బెంగాల్‌కు తిరిగొచ్చారు. 1975లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1976 నుంచి 1978 దాకా మోహన్ బగాన్, 1979లో మళ్లీ మహమ్మదన్, 1980లో ఈస్ట్ బెంగాల్, ఆఖరికి 1982 నుంచి మోహన్ బగాన్. ఇన్నిసార్లు శత్రు శిబిరాలు మారినా అభిమానులు ఆయనను ద్రోహి అనలేదు. ఏ చొక్కా వేసుకుంటే దానికి ఒళ్లు దాచుకోకుండా ఆడేవారని మూడు క్లబ్బుల అభిమానులకూ తెలుసు.

1970 నుంచి 1974 వరకు సాగిన రెండో ఈస్ట్ బెంగాల్ దశ ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైనది. 1970 నుంచి 1975 దాకా వరుసగా ఆరేళ్లు కోల్‌కతా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. అందులో మొదటి ఐదేళ్లూ హబీబ్ జట్టులో ఉన్నారు. 1970 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్‌లో ఇరాన్‌కు చెందిన పాస్ టెహ్రాన్‌ను 1–0తో, 1973 ఫైనల్‌లో ఉత్తర కొరియా జట్టు ప్యాంగ్యాంగ్ సిటీని 3–1తో ఆ క్లబ్బు ఓడించింది. విదేశీ జట్లపై భారత క్లబ్బుల గెలుపులు అరుదుగా ఉండే కాలమది.

ఉద్యోగం వద్దన్న మనిషి

ఆ రోజుల్లో క్లబ్బులు ఇచ్చే డబ్బు ఇల్లు నడపడానికి చాలేది కాదు. దేశంలో ఫుట్‌బాల్ నడిచింది నిజానికి కొలువుల మీద. రైల్వేలు, పోలీసు, కస్టమ్స్, బ్యాంకులు, టెలిఫోన్లు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి జట్లు నిలబెట్టేవి. ఆఫీసులో హాజరు వేసి, మధ్యాహ్నం మైదానానికి రావడం మామూలు. ముప్పై రెండేళ్లకు మోకాలు పోయినా యాభై ఎనిమిదికి పింఛను ఉండేది. మధ్యతరగతి ఇంట్లో ఏ తండ్రి అయినా కొడుకుకు ఇదే చెబుతాడు, అది తప్పు కూడా కాదు.

హబీబ్ ఆ దారి పట్టలేదు. ఉద్యోగాలు తలుపు తట్టినా కాదని, పొద్దునా సాయంత్రం సాధన మీదే నిలిచారు. జాతీయ స్థాయి లీగ్ మొదలైంది 1996లో. ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది 2014లో. ఒప్పందాలు, ఏజెంట్లు, ఫిట్‌నెస్ నిపుణులు అంతా ఆ తర్వాతి మాట. వాటికి మూడు దశాబ్దాల ముందే, ఏ వ్యవస్థా అండగా లేనప్పుడు, ఒక హైదరాబాదీ కుర్రాడు ఆటగాడి వృత్తి అంటే ఏమిటో తాను జీవించి చూపించారు. ఆయన కప్పుల జాబితా కంటే ఈ నిర్ణయమే గొప్పదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కప్పులు జట్టంతా కలిసి గెలిచేవి. ఈ నిర్ణయం ఆయన ఒక్కరే తీసుకున్నారు, దాని బరువూ ఒక్కరే మోశారు.

ఆట తీరు

హబీబ్ పొడగరి కాదు, బలాఢ్యుడూ కాదు. దాడిని మధ్య నుంచి నడిపే ఆటగాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌ది. అక్కడ ప్రతి దాడీ అతని చేతుల్లో మొదలవుతుంది. బంతిని ఎవరికి విసరాలో, తానే పట్టుకుని పరిగెత్తాలో క్షణాల్లో తేల్చుకోవాలి. అయితే అక్కడ ఒక దాడి ముగిశాక ఆట ఆగుతుంది, జట్టు గుమిగూడి తర్వాతి ఎత్తు మాట్లాడుకుంటుంది. మన ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. తొంభై నిమిషాలూ పరుగులో ఉంటూనే ఆలోచించాలి. హబీబ్ బలం ఇక్కడే ఉంది. బంతి పోగొట్టుకుంటే నిలబడి చూసేవారు కాదు, వెనక్కి పరిగెత్తి తానే లాక్కునేవారు. లాక్కున్నాక మైదానం అంచుల్లో ఉన్న వాళ్లకు అందించి, గోల్ ముందుకు మళ్లీ తానే చేరేవారు.

గోల్స్ కూడా తక్కువేం కొట్టలేదు. 1969లో అస్సాంలోని నౌగాంవ్‌లో జరిగిన సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున 11 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచారు. ఫైనల్‌లో బెంగాల్ 6–1తో సర్వీసెస్‌ను చిత్తు చేసింది. మూడేళ్ల కిందట బెంగాల్‌ను ఓడించిన రాష్ట్రపు కుర్రాడే ఇప్పుడు బెంగాల్‌కు కప్పు తెచ్చిపెట్టారు.

1977 సెప్టెంబర్ 24

ఆ ఏడాది న్యూయార్క్ కాస్మోస్ జట్టు కోల్‌కతా వచ్చింది. అమెరికాలో ఫుట్‌బాల్‌కు ఆదరణ తేవాలని ప్రపంచ తారలను డబ్బు పోసి కూర్చుకున్న క్లబ్బు అది. న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియం దాని సొంత మైదానం. కాస్మోస్‌లో పీలే ఉన్నారు, బ్రెజిల్‌కు 1970 ప్రపంచ కప్ అందించిన సారథి కార్లోస్ అల్బెర్టో ఉన్నారు, ఇటలీ గోల్ వీరుడు జోర్జో కినాల్యా ఉన్నారు. ఎదురుగా పీకే బెనర్జీ శిక్షణలోని మోహన్ బగాన్.

వానతో ఈడెన్ గార్డెన్స్ బురదమయమైంది. పీలే ఆడతారా లేదా అన్న సందేహం చివరి దాకా ఉంది. అయినా జనం పోటెత్తారు. మొదట కార్లోస్ అల్బెర్టో గోల్ కొట్టారు. శ్యామ్ థాపా సమం చేశారు. తర్వాత హబీబ్ గోల్‌తో మోహన్ బగాన్ 2–1 ఆధిక్యంలోకి వెళ్లింది. రెండో సగంలో కినాల్యా పెనాల్టీతో స్కోరు 2–2 అయింది. అక్కడే ముగిసింది. పీలేను గౌతమ్ సర్కార్ నీడలా అంటిపెట్టుకుని గోల్ చేయనివ్వలేదు.

పీలేకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. వారం తర్వాత, అక్టోబర్ 1న, జెయింట్స్ స్టేడియంలో ఆయన చివరి మ్యాచ్ ఆడి బూట్లు విప్పేశారు. కాస్మోస్ అలసిన యాత్రికుల జట్టని, ప్రదర్శన మ్యాచ్ ఫలితానికి విలువ లేదని కొట్టిపారేసేవారు ఉన్నారు. కానీ మైదానంలో దిగింది నాసిరకం జట్టేమీ కాదు. హబీబ్ ఆ గోల్ కొట్టిన తీరులో బెదురు కనబడదు. అదే ఏడాది మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ గెలిచింది. మరుసటి ఏడాది సోవియట్ జట్టు అరారత్ యెరెవాన్‌తో ఫైనల్ 2–2గా ముగియడంతో షీల్డ్‌ను పంచుకుంది.

భారత జట్టులో

1967లో కౌలాలంపూర్ మెర్డెకా టోర్నీలో హబీబ్ తొలిసారి భారత్ తరఫున ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల జట్టుకు సారథి మరో హైదరాబాదీ, సయ్యద్ నయీముద్దీన్. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో భారత్ జపాన్‌ను 1–0తో ఓడించింది. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం అదే.

శిక్షకుడిగా, చివరి రోజుల్లో

ఆట మానాక జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, ఆ తర్వాత హల్దియాలోని ఐఎఫ్ఏ అకాడమీలో పిల్లలకు శిక్షణ ఇచ్చారు. తర్వాత హైదరాబాద్ చేరారు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్, మతిమరుపు వ్యాధులు ఆయనను చుట్టుముట్టాయి. 2023 ఆగస్టు 15న డెబ్బై నాలుగేళ్ల వయసులో సొంత ఊళ్లోనే మరణించారు. అంతకు ఆరు నెలల ముందు, ఫిబ్రవరి 16న, తులసీదాస్ బలరామ్ కోల్‌కతాలో పోయారు.

సంతోష్ ట్రోఫీ, మళ్లీ

హైదరాబాద్ ఫుట్‌బాల్ వెనకబడటానికి కారణాలు పలు విధాలుగా చెబుతారు. రహీమ్ తర్వాత ఆ స్థాయి గురువు దొరకలేదు. పోలీసు జట్టు పూర్వవైభవం నిలబెట్టుకోలేకపోయింది. క్రికెట్ అన్నిటినీ మింగేసింది. ఇవన్నీ నిజమే. వీటితో పాటు మరొకటి చెప్పాలి. హబీబ్ లాంటి వాళ్లను నిలుపుకోగల క్లబ్బు ఇక్కడ ఒక్కటీ లేకపోయింది. నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వరుసగా కోల్‌కతా బండి ఎక్కారు. వాళ్లను చూసి నేర్చుకోవాల్సిన తరువాతి తరం పిల్లలకు వాళ్లు పేపర్లో స్కోర్లుగానే మిగిలారు. 1966లో కొల్లంలో గెలిచిన ఆ కప్పు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు గానీ, తెలంగాణకు గానీ రాలేదు.

2024 సంతోష్ ట్రోఫీ తుది దశ హైదరాబాద్‌లోనే జరిగింది. డిసెంబర్ 31న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఫైనల్. ఇంజురీ టైమ్‌లో రోబీ హన్స్‌దా కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో బెంగాల్ కేరళను ఓడించి 33వ సారి విజేత అయింది. హన్స్‌దాకు ఆ టోర్నీలో అది 12వ గోల్. బెంగాల్ తరఫున ఒకే టోర్నీలో 11 గోల్స్ అని 1969లో హబీబ్ నెలకొల్పిన రికార్డును అది దాటింది.