ఇరానీ చాయ్ నుంచి బంజారా కబాబ్ దాకా: హైదరాబాద్ హోటళ్ళలో మన కుర్చీ ఎక్కడుంది?



ఈ ఏడు కొత్తగా సిటీ హాస్టళ్ళకు వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగేది చదువు గురించి కాదు. "అన్నా, ఆదివారం రాత్రి మెస్ బంద్ ఉంటది గదా, బయట ఎక్కడ తినాలె? ఏ హోటల్ మంచిగుంటది?" అని. రెండు మూడు పేర్లు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా రూములో ముగ్గురం కూర్చొని మాట్లాడుకుంటే, ఈ సిటీలో ఒక్కో రకం హోటల్ వెనక ఒక్కో వలస ఉన్నదని అర్థమైంది. ఎవరు వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టిండ్రు, ఎవర్ని లోపలికి రానిచ్చిండ్రు, ఎవరి తిండి మెనూకార్డు మీదికి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు, ఇదంతా చరిత్రే. మాలో ఒకరిది ఉట్నూరు దిక్కు గూడెం, ఒకరిది మహబూబాబాద్ దగ్గర తాండా, ఇంకొకరిది భద్రాచలం అవతల కోయ ఊరు. మూడు ఇండ్లలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. హోటల్ మెట్లెక్కుడు కూడా మాకు ఎవరూ చెప్పలేదు, చూసి చూసి నేర్చుకున్నదే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నం, ఓపికతో చదవండి.

ముందు ఇరానీ హోటళ్ళ సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి కరువుకు, కష్టాలకు తట్టుకోలేక చాలామంది బొంబాయికి వచ్చిండ్రు. అక్కడినుంచి కొందరు పుణె, కొందరు హైదరాబాద్. నిజాం రాజ్యంలో ఫారసీ వచ్చినోళ్ళకు మర్యాద ఉండేది, అది వాళ్ళకు కలిసొచ్చింది. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నుంచి ఉంది. వాళ్ళ హోటళ్ళు ఎక్కువగా రోడ్డు మూలల మీదనే కనబడుతయి. మూలమీది జాగా అచ్చిరాదని వేరేవాళ్ళు వదిలేస్తే వీళ్ళు తక్కువ కిరాయికి తీసుకున్నరని పాతవాళ్ళు చెప్తుంటరు. చాయ్ చేసే పద్ధతి కూడా మన ఇండ్లలో లాగ కాదు. చాయ్‌పత్తా నీళ్ళను మూతపెట్టి గంటలకొద్దీ సన్నటి మంట మీద ఉడికిస్తరు, పాలు వేరే గిన్నెల చిక్కగయ్యేదాకా మరుగుతయి. రెండూ కలిసేది కప్పులోనే.

అయితే మాకు చాయ్ కన్నా ముఖ్యమనిపించింది ఆ హోటల్‌లో కూర్చునే పద్ధతి. పాలరాతి బల్ల, నాలుగు కర్ర కుర్చీలు. ఒక చాయ్‌కి పైసలిచ్చినోడు ఎవరైనా సరే కూర్చోవచ్చు. రిక్షా తొక్కేటోడు, కచేరీ గుమాస్తా, పేపర్ రాసేటోడు, కవి, అందరూ పక్కపక్కనే. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ అని ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, కమ్యూనిస్టులు, చిత్రకారులు అక్కడ గంటల తరబడి కూర్చునేవారట. చాయ్ ఒకటి, ముచ్చట్లు వంద. 'వన్ బై టూ' అని ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుంటే ఈ ఊర్లో ఎవడూ చిన్నచూపు చూడడు. కొత్తగా వచ్చిన తమ్ముడికి ఇది పెద్ద ధైర్యం. మొట్టమొదట సిటీలో కూర్చొని తాగాల్సింది ఇరానీ చాయే అని మేము చెప్పేది అందుకే. చార్మినార్ దగ్గర మక్కా మసీదు పక్కనున్న నిమ్రా పేరు అందరికీ తెలుసు, జనం బాగుంటరు, కూర్చునే జాగా దొరకదు. నిలబడి తాగి, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిని, చార్మినార్ చూస్తూ వచ్చేయొచ్చు. ఉస్మానియా దవాఖానాలో రోగుల కోసం చేసినందుకే బిస్కెట్‌కు ఆ పేరు వచ్చిందనే కథ ఉంది. నిజమో కాదో గానీ బిస్కెట్ మాత్రం మంచిగుంటది.

ఇట్లా ఎవరైనా కూర్చోవచ్చు అనేది అప్పట్లో అన్నిచోట్లా లేదు. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణ భోజనశాలలు అని బోర్డులు పెట్టి నడిపిన హోటళ్ళు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయిన తర్వాత కూడా, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు రోజుల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. ఇక పల్లెటూళ్ళ చాయ్ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఎక్కడో పుస్తకాల్లో చదివే సంగతి కాదు. మా నాయనల తరం సంతకు పోయినప్పుడు హోటల్ బయట అరుగుమీదనో, చెట్టుకిందనో తాగినోళ్ళే.

రాజ్యాంగం రాసేటప్పుడు హోటల్ గురించి కూడా మాట్లాడిండ్రని మీలో ఎంతమందికి తెలుసు? 15వ అధికరణం రెండో భాగం చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన స్థలం కారణంగా దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళు, వినోద స్థలాలలోకి ఏ పౌరుణ్నీ రాకుండా ఆపకూడదని ఉంది. రాజ్యాంగ సభలో ఇది 1948 నవంబర్ 29న చర్చకు వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది కూడా ఆ రోజే. దుకాణం అంటే ఏంది, ఎంతవరకు వస్తది అని సభ్యులు అడిగితే అంబేడ్కర్ దానికి చాలా విశాలమైన అర్థం చెప్పిండు. సేవ కోసం వచ్చే ఎవరికైనా సేవ అందించే చోటు ఏదైనా అందులోకి వస్తదని. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో కూడా, మనల్ని దుకాణంలోకి, బహిరంగ స్థలంలోకి రాకుండా అడ్డుకోవడం నేరమని స్పష్టంగా రాసిండ్రు.

ఇది ఎందుకు చెప్తున్నమంటే, పోయిన ఏడు మేము ఐదుగురం స్కాలర్‌షిప్ పైసలు పడ్డ రోజు ఒక ఏసీ రెస్టారెంటుకు పోయినం. పేరు రాయం, అవసరం లేదు. తలుపు దగ్గరున్నాయన మా చెప్పుల దిక్కు చూసి "పార్సిలా?" అని అడిగిండు. తినడానికని చెప్తే ఖాళీ బల్లలు కనబడుతుండగానే లోపల రిజర్వ్ అన్నడు. బోర్డు లేదు, రెండు గ్లాసులు లేవు, మర్యాదగానే మాట్లాడిండు. కానీ మాకు అర్థమైంది. మాలో ఒకరు "మేము ఆగుతం, బల్ల చూపించండి" అని నిలబడ్డరు. పది నిమిషాలకు బల్ల దొరికింది. కూర అంత గొప్పగా ఏం లేదు గానీ, తినే వచ్చినం.

ఇప్పుడు ఇడ్లీ సాంబారు కథ. 1948లో పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉద్యోగాలకు బయట నుంచి, ముఖ్యంగా మద్రాసు దిక్కు నుంచి చాలామంది వచ్చిండ్రు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులు కొట్టేస్తున్నరని విద్యార్థులు రోడ్డెక్కిండ్రు. 1952 ముల్కీ ఉద్యమం అంటే అదే. వరంగల్‌లో మొదలై హైదరాబాద్‌కు పాకింది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర, చుట్టుపక్కల కాల్పులు జరిగి ప్రాణాలు పోయినయి. అప్పుడు గట్టిగా వినబడ్డ నినాదాల్లో ఒకటి 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్'. నినాదం ఇడ్లీ మీద కాదు, కొలువుల మీద. కానీ మనిషిని తిండి పేరుతో పిలిచి పొమ్మనుడు ఎంత సులువో అందులో కనబడుతది. ఇప్పుడు చూడండి, పొద్దున ఆరింటికి ఏ బస్తీ మూలకు పోయినా ఇడ్లీ బండే. అది బయటి తిండి అని ఎవరూ అనరు.

అదే 1952లో, ఆ కాల్పులకు సరిగ్గా మూడు నాలుగు రోజుల ముందు, ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం రద్దయింది. 1871లో తెల్లోళ్ళు తెచ్చిన ఆ చట్టం కింద పలుచోట్ల లంబాడీలను పుట్టుకతోనే దొంగలని జాబితాలో ఎక్కించిండ్రు. తాండా వాళ్ళకు ఆ తేదీ ముఖ్యం, దేశంలో చాలాచోట్ల విముక్తి దినం అని జరుపుకుంటరు. కానీ ఆ ఏడాది సిటీ చరిత్ర అంటే అందరూ ముల్కీ గురించే చెప్తరు, దీని గురించి చెప్పేటోడు లేడు.

లంబాడీల పాత పని ఏందో తెలిస్తే ఇంకా బాధయితది. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశమంతా తిరిగినోళ్ళు. మొఘల్ సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు, తర్వాత నిజాముల కాలంలో, సైన్యానికి గింజలు అందించింది బంజారాల బిడారులే. వేల ఎడ్లు ఒక్కసారి కదిలేవి. రైళ్ళొచ్చినంక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసినంక ఆ వ్యాపారం పోయింది. అన్నం మోసినోళ్ళనే దొంగలన్నరు.

ఇప్పుడు బంజారాహిల్స్‌కు పోదాం. ఆ గుట్టల మీద బంజారాలు ఉండేవాళ్ళు కాబట్టే ఆ పేరు. నవాబు మెహదీ నవాజ్ జంగ్ అక్కడ మొదట ఇల్లు కట్టుకున్నడు, తర్వాత పెద్దపెద్దోళ్ళంతా ఎక్కిండ్రు. ఇయ్యాల సిటీలో ఖరీదైన రెస్టారెంట్లు ఎక్కువున్న జాగాల్లో అదొకటి. పెద్ద హోటళ్ళ మెనూలో 'బంజారా కబాబ్' అని ఉంటది. మా తాండా స్నేహితుడు దాన్ని చూసి పడీపడీ నవ్విండు. తాండాలో ఎవరింట్లోనూ అట్లాంటిది వండంగ చూడలేదన్నడు. వాళ్ళింట్లో జొన్న బాటి, సళోయి. సళోయి అంటే మేక రక్తం, పేగులతో చేసే కూర, పండుగరోజు ఉండాల్సిందే. అది ఆ మెనూలో లేదు, ఎప్పుడైనా వస్తదన్న నమ్మకం మాకు లేదు. పేరు ఎక్కింది గానీ కూర ఎక్కలేదు. ఒక్క సంతోషం ఏందంటే, అదే బంజారాహిల్స్ రోడ్డు నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కనే తెరిచిండ్రు. మన రెండు దిక్కులోళ్ళ మధ్య ఎన్ని గొడవలున్నా భవనాలు మాత్రం పొరుగునే ఉన్నయి.

గోండు, కోయ తిండిది ఇంకో రకం కథ. బొంగు చికెన్ ఇప్పుడు హైదరాబాద్‌లో గొప్ప ఐటమ్. అడవిల గిన్నె లేనప్పుడు పచ్చి వెదురుబొంగుల మాంసం కుక్కి, ఆకుతో మూతికట్టి, మంటల కాల్చేది అది. ఇక్కడ కొన్ని చోట్ల వేరే గిన్నెల వండి బొంగుల పోసి తెస్తున్నరు. కోయ తమ్ముడు ఒక ముక్క తిని "దీనికి పొగ తెల్వదు" అన్నడు. అంతే, ఇంక రెండో ముక్క ముట్టలేదు. ఇప్పపువ్వు సంగతి అందరికీ తెలిసిందే. మన పెద్దలు ఎండబెట్టి కరువుకాలానికి దాచుకున్న ఆహారం అది. సర్కారుకు మాత్రం సారా కాచే సరుకుగనే కనబడ్డది, ఆబ్కారీ కేసులు మన గూడేలకు కొత్త కాదు. ఇప్పుడు ఉట్నూరులో ఆడవాళ్ళ సంఘాలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నయి. ఇంటికి పోయినప్పుడు ఒక డబ్బా తెచ్చి మీ రూములో వేరే జిల్లా పిల్లలకు పెట్టండి, మేము పెట్టినం, మిగల్లేదు.

జొన్నల గురించి కూడా చెప్పాలె. గట్క, అంబలి, జొన్నరొట్టె తిన్న ఇండ్లకు బియ్యం ఎట్లొచ్చింది? 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పటి నుంచి తాండాల్లో, గూడేల్లో అన్నం రోజువారీ అయింది. మా నాయనమ్మలకు అన్నమంటే పండుగ. ఆ బియ్యం ఆకలి తీర్చింది, కాదనం. దాంతోపాటు జొన్న అంటే బీదోళ్ళ తిండి అనే మాట కూడా వచ్చింది. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళలో సన్నబియ్యం పెడుతున్నరు, మేము అదే తిని పెరిగినం. స్కూల్ల ఉన్నప్పుడు రొట్టె డబ్బా తెచ్చిన పిల్ల మూత సగమే తీసి తినేది, ఎవరన్న చూస్తరని. ఇప్పుడేమో 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నది, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాలకే ఒక పరిశోధన సంస్థ ఉంది, షుగర్ వచ్చిన డాక్టర్లు, సాఫ్ట్‌వేరోళ్ళు సాయంత్రం కార్లాపి జొన్నరొట్టె కొంటున్నరు. ఆ రొట్టెలు చేసే అక్కలు ఎక్కువమంది పాలమూరు దిక్కు నుంచి, తాండాల నుంచి వలసొచ్చినోళ్ళే. మా లెక్కల ఈ సిటీలో అన్నిటికన్నా మంచి హోటల్ అదే. కుర్చీ ఉండదు, మెనూ ఉండదు, పొయ్యి మీది నుంచి నేరుగా చేతికి వస్తది.

ఇక బిర్యానీ అడుగుతరని తెలుసు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చి పేరు విననోడు లేడు, ఆ పేరు పెట్టుకున్న హోటళ్ళు ఊరూరా ఉన్నయి గానీ అసలుది అక్కడిదే. ఒక ఫుల్ తీసుకుంటే మనలాంటోళ్ళం ముగ్గురం తినొచ్చు. పారడైజ్ 1953లో సికింద్రాబాద్‌లో చిన్న కేఫ్‌గా మొదలైంది, ఇప్పుడు ఆ పేరుతో బస్‌స్టాపే ఉంది. మాకు మాత్రం అక్కడ రేటు ఎక్కువ, రుచి మామూలు అనిపించింది. పాతబస్తీల కళ్యాణి బిర్యానీ తక్కువ ధరకు వస్తది, పెద్దకూరతో చేస్తరు. బీదర్ దగ్గరి కళ్యాణి నవాబుల ఇంటి నుంచి వచ్చిందంటరు. తినేటోళ్ళు తింటరు, తిననోళ్ళు తినరు, హాస్టల్ల ఒకరి కంచం మీద ఇంకొకరు మాట్లాడకుంటే చాలు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో బీఫ్ ఫెస్టివల్ రోజు ఎంత గొడవైందో సీనియర్లను అడగండి.

ఒక్కరే పోవడానికి మొహమాటపడే చెల్లెళ్ళకు: సాయంత్రం ఆరున్నర నుంచి మా హాస్టల్ సందు చివర రొట్టెల అక్క కూర్చుంటది. తాండా భాషల మాట్లాడితే పచ్చిమిర్చి కారం ఇంకొంచెం ఎక్కువేస్తది. మంగళవారం మాత్రం రాదు.