డుడుమ నీటికి లెక్క చెప్పాలి

ఆంధ్రా – ఒడిశా సరిహద్దులో, ముంచింగిపుట్టు మండలానికి ఆనుకుని, మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. అదే డుడుమ జలపాతం. వెళ్లినవాళ్లు దాని అందం చూసి మురిసిపోతారు. కానీ దాన్ని ప్రకృతి వింతగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. జలపాతానికి ఎగువనే ఆనకట్ట కట్టి నీటిని పైపుల్లోకి మళ్లించారు. కనుక మనం చూసే ధార కరెంటుకు పోగా మిగిలినది. లోయ అడుగున ఉన్న విద్యుత్ కేంద్రంలోకి ఉద్యోగులు నిటారు వాలు మీద పట్టాలపై నడిచే వించిలో దిగుతారు. డుడుమ చరిత్ర ఆ లోయలోనే ఉంది.

నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు కోసం 1946లో ఒప్పందం చేసుకున్నాయి. ఎగువన జలాపుట్ జలాశయం కట్టాక, 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆరు యూనిట్ల సామర్థ్యం దాదాపు 120 మెగావాట్లు. ఇదే నీరు కిందికి సాగి సీలేరు పేరుతో మళ్లీ మళ్లీ టర్బైన్లు తిప్పి, శబరి మీదుగా గోదావరిలో కలుస్తుంది. మరి జలాపుట్ కింద ఊళ్లు, పొలాలు మునిగిన గిరిజనులకు దక్కిందేమిటి? దిగువన బలిమెల జలాశయం చుట్టుముట్టిన ఒడిశా పల్లెలకైతే గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. అప్పటిదాకా వాళ్లకు లాంచీలే దిక్కు.

కరెంటు లేనిదే అభివృద్ధి ఎక్కడిదని అడగవచ్చు. నిజమే. అప్పుడే ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ విద్యుత్తు ఎంతో అవసరం. ఈ వాదన ప్రాజెక్టును సమర్థిస్తుందే తప్ప, దాని భారమంతా కొండ మీది వాళ్లే మోయాలని చెప్పదు. చట్టప్రకారం పరిహారం ఇచ్చారు కదా అనేవాళ్లూ ఉన్నారు. 1894 నాటి భూసేకరణ చట్టం పట్టా ఉన్న భూమికే ధర కట్టింది. తరతరాలుగా పోడు చేసుకున్నవాళ్ల దగ్గర పట్టాలెక్కడివి? పునరావాసాన్ని చట్టబద్ధమైన హక్కుగా గుర్తించడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

రెండు రాష్ట్రాలూ కరెంటులో వాటాలు తేల్చుకున్నాయి. నిర్వాసితుల వాటా మాత్రం తేల్చలేదు. మునిగిన ఊళ్ల పేర్లు జలపాతం దగ్గర బోర్డు మీద రాయించాలి. మాచ్‌ఖండ్ రాబడిలో కొంత ఆ కుటుంబాల వారసుల చదువుకూ వైద్యానికీ కేటాయించాలి. ఈ బాకీ రెండు ప్రభుత్వాలదీ.