కారే తొట్టి, కదలని ఇంటాయన

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అద్దెకిచ్చి చూడు అని కూడా ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు. పెళ్ళి ఎంత ఘనంగా చేసినా ఐదు రోజుల్లో అయిపోతుంది. ఇల్లు ఏడాదికో రెండేళ్ళకో పూర్తవుతుంది. "కొళాయి కారుతోందండీ" అన్న మాట మాత్రం, ఇంట్లో అద్దెకు మనుషులున్నంత కాలం వినపడుతూనే ఉంటుంది.

నేను రెండు వైపులా ఉన్నదాన్ని. పద్ధెనిమిదేళ్ళు అద్దె వాటాల్లో కాపురం చేశాను. వంటింటి కప్పు కారుతోందని కబురు చేస్తే, "వానాకాలం కదమ్మా, కారక ఏం చేస్తుంది?" అని జవాబిచ్చిన మహానుభావుడి ఇంట్లో నాలుగేళ్ళు గడిపాను. ఇప్పుడు మా మేడ మీది వాటా మేమే అద్దెకిస్తున్నాం. రెండు చోట్లా ఒక సంగతి గమనించాను. అగ్రిమెంటు మగవాళ్ళ పేరున ఉంటుంది, సంతకాలు వాళ్ళే చేసుకుంటారు. మరమ్మతు తగాదా మాత్రం ఇద్దరు ఆడవాళ్ళ మధ్యన, మెట్ల దగ్గరో పంపు దగ్గరో జరుగుతుంది. తూము పూడుకుపోతే ఆ మురుగులో నిలబడి గిన్నెలు కడుక్కునేది ఆవిడ. వచ్చి చెబితే వినవలసింది నేను. ఆయనగారు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, "చూద్దాంలే" అంటారు.

ఈ "చూద్దాంలే"కి చాలా పాత చరిత్ర ఉంది. ఇంగ్లండులో 1843లో ఒక కేసు నడిచింది. సర్ థామస్ మారబుల్ అనే పెద్దమనిషి సముద్రపు గాలి కోసం బ్రైటన్‌లో సామాన్లతో సహా ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అద్దె వారానికి 8 గినీలు. దిగాక చూస్తే ఇంటినిండా నల్లులు! కొద్ది రోజులు చూసి, కుటుంబంతో సహా ఇల్లు ఖాళీ చేశాడు. ఇంటివాళ్ళు మిగతా అద్దె కోసం కోర్టుకెక్కారు. మనుషులు ఉండడానికి పనికిరాని ఇంటికి అద్దె ఇవ్వక్కర్లేదని కోర్టు మారబుల్ గారి పక్షానే చెప్పింది.

సంతోషించవలసిన తీర్పే. అయితే అది సామాన్లతో ఇచ్చే ఇళ్ళకే వర్తించింది. అలాంటి ఇళ్ళు తీసుకునేది డబ్బున్నవాళ్ళు. ఒట్టి గోడల ఇంట్లో తన చాపా చట్టీ పెట్టుకుని బతికే బీదవాడి సంగతేమిటి? 1863లో ఇంకొక కేసులో జడ్జీలు ఆ మాటా తేల్చేశారు. మోసం చేస్తే తప్ప, కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న కొంపనైనా సరే అద్దెకివ్వడం చట్టరీత్యా తప్పు కాదన్నారు. లేడీ మారబుల్ గారిని కుడితే అది నల్లి, కూలివాడి భార్యను కుడితే కాదు కాబోలు!

సరిగ్గా రెండేళ్ళకు, 1865లో, లండన్‌లో ఒక అమ్మాయి ఇంటి యజమానురాలయింది. పేరు ఆక్టేవియా హిల్. వయసు 26. పెళ్ళి కాలేదు, ఆస్తి లేదు. తండ్రి వ్యాపారంలో దివాలా తీస్తే, తల్లి ఒక స్త్రీల సహకార సంఘంలో పని చేసి పిల్లల్ని పెంచింది. ఆ సంఘంలో బీదపిల్లలు బొమ్మలు తయారు చేసే గది బాధ్యత, పధ్నాలుగేళ్ళకే ఆక్టేవియా మీద పడింది. ఆ పిల్లలతో పాటు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఆ గదులు ఎలా ఉండేవో కళ్ళారా చూసింది.

ఇళ్ళు కొనడానికి డబ్బిచ్చినవాడు జాన్ రస్కిన్. 1904లో గాంధీగారు జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళుతూ రైల్లో చదివి, బ్రతుకు తీరే మార్చుకున్న పుస్తకం రాసిన రస్కినే ఈయన. ఆక్టేవియా ఆయన దగ్గర చిత్రాలకు నకళ్ళు తీసే పని చేసేది. 1864లో రస్కిన్ తండ్రి పోయి ఆయనకు ఆస్తి కలిసివచ్చింది. 750 పౌన్లు పెట్టి మూడు ఇళ్ళను 56 ఏళ్ళ లీజు మీద తీసుకుని ఆమె చేతిలో పెట్టాడు. ఒకటే షరతు. పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున రాబడి రావాలి. ధర్మసత్రంలా నడిపితే ఒకరిద్దరు మెచ్చుకుని ఊరుకుంటారు, లాభం వస్తే నలుగురూ అనుసరిస్తారని ఆయన ఉద్దేశం.

ఆ సందు పేరు పారడైజ్ ప్లేస్. అంటే స్వర్గసీమ! ఆ స్వర్గం ఎలా ఉండేదో ఆమే రాసిపెట్టింది. గోడల పెచ్చులు ఊడిపోతున్నాయి. మెట్ల మీద వాన నీళ్ళకి బాల్చీ పెట్టారు. మెట్లు పట్టపగలే చీకటి. పట్టుకుందామంటే కమ్మీలు లేవు, చలికి ఓర్వలేక జనం పొయ్యిలో పెట్టేసుకున్నారు. బట్టలుతుక్కునే గదిలో ఇంటాయన తన పాత సామానంతా కుక్కి తాళం వేశాడు. అందుచేత వండడం, తినడం, ఉతకడం, పడుకోవడం అన్నీ ఒక్క గదిలోనే. అందరికీ కలిపి నీళ్ళకు ఒకే ఒక చెక్క తొట్టి, అదీ కారిపోతోంది. కొళాయి వచ్చినప్పుడు కూజాలు నింపుకోనివారికి ఆ పూట నీళ్ళు లేవు.

ఆ తొట్టికి చుట్టూ ఒక ఇనపబద్దీ వేయించండి బాబూ అని అద్దెకున్న ఒకాయన అడిగాడట. ఇష్టం లేకపోతే ఖాళీ చేసి పొమ్మన్నాడట ఇంటాయన. చదవగానే నాకు మా వానాకాలపు మహానుభావుడు గుర్తుకొచ్చాడు. దేశం వేరు, భాష వేరు, సమాధానం ఒకటే.

ఆ ఇంటాయన దుర్మార్గుడని ఆక్టేవియా రాయలేదు. ఏదో చిన్న వ్యాపారం చేసుకునేవాడు, చేతిలో డబ్బాడదు. ఆరేసి ఎనిమిదేసి వారాల అద్దె బాకీలు పేరుకుపోయాయి. ఆఖరిసారి వసూలుకు వచ్చినప్పుడు, జనాన్ని బెదిరించడానికి జప్తు చేసే అమీనని చెప్పి ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. ఎవరూ భయపడలేదు. ఇల్లు బాగుచేయడు కాబట్టి వాళ్ళు అద్దె ఇవ్వరు, అద్దె రాదు కాబట్టి ఆయన ఇల్లు బాగుచేయడు. ఈ గానుగ చుట్టూ ఇద్దరూ తిరుగుతూనే ఉన్నారు. ఇంకొక చోట ఇంటి యజమాని శవపేటికల వ్యాపారి కూడానట. అద్దెల మీద కాదు, ఆ ఇళ్ళలో జరిగే చావుల మీద తనకు గిట్టుబాటవుతోందని ఆమెతోనే అన్నాడట!

ఆక్టేవియా ముందు మురుగు కాలవలు బాగుచేయించింది. కారే తొట్టి తీసేసి పెద్ద పలకరాతి తొట్టి కట్టించింది. ఉతికే గది తాళం తీయించి, వంతులవారీగా అందరికీ ఇచ్చింది. కప్పు, గోడలు, పెరడు, ఒకదాని తర్వాత ఒకటి బాగుపడ్డాయి. కిటికీలకు అంటించిన నల్లటి గుడ్డపేలికలూ కాగితాలూ పీకించి లెక్కపెడితే, 192 అద్దాల్లో పగలనివి 8 మాత్రమే ఉన్నాయి. ఇదంతా చేసి కూడా గదుల అద్దె చాలావరకు పాత అద్దెకే ఉంచింది.

మరి లాభం ఎలా వచ్చింది? అద్దె ఏ వారానికావారం తానే ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసేది. రెండో వారం బాకీ పడనిచ్చేది కాదు. ఆ వెళ్ళినప్పుడే ఏది విరిగింది, ఎక్కడ కారుతోంది అన్నీ చూసి వచ్చేది. అద్దె పుచ్చుకునే చేయి, ఫిర్యాదు వినే చెవి ఒకే మనిషివి కావడం వల్ల సగం పని జరిగిపోయింది. మన దగ్గర అద్దె తీసుకునేది ఒకరు, ఫిర్యాదు వినేది ఇంకొకరు, డబ్బు తీయవలసింది మూడోవారు!

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆమె మరమ్మతుల పద్దు. ప్రతి ఇంటికీ ఏడాదికి ఇంత అని మరమ్మతుల కింద విడిగా తీసి ఉంచేది. ఏడాది చివర అందులో ఏమైనా మిగిలితే, ఆ డబ్బు ఆమెది కాదు. అద్దెకున్నవాళ్ళు తమ ఇంటికి ఏం కావాలని కోరితే అది చేయించేది. ఇంకేముంది, అద్దాలు పగలగొట్టే పిల్లల్ని తల్లులే చెవి మెలిపెట్టడం మొదలుపెట్టారు. చిన్న చిన్న రిపేర్లు ఎవరికి వాళ్ళే చేసుకునేవారు. వెల్ల వేయడం, అద్దాలు బిగించడం లాంటి పనులు కొన్ని ఆపి ఉంచి, అద్దెకున్నవాళ్ళలో పనుల్లేక కూర్చున్నవాళ్ళకు కూలిచ్చి చేయించేది. మెట్లు కడగడానికి అక్కడి ఆడపిల్లలకే డబ్బిచ్చేది. రస్కిన్ అడిగిన నూటికి 5 వచ్చింది. మరుసటేడు ఆయన ఇంకొన్ని ఇళ్ళు కొనిచ్చాడు. పోనుపోను ఇతరులూ తమ ఇళ్ళు ఆమెకు అప్పగించారు. చదువుకున్న ఆడవాళ్ళు ఎందరో ఆమె దగ్గర ఈ పని నేర్చుకున్నారు. ఇంటి పెత్తనం ఆడవాళ్ళకు జీతం రాని చాకిరీ అనుకునే రోజుల్లో, అదే ఒక ఉద్యోగమయింది.

ఇంతా విని ఆవిడకు హారతి పట్టేముందు రెండో వైపు కూడా చూడాలి. అద్దె ఇవ్వనివాళ్ళను, నడవడి బాగాలేదని తనకు తోచినవాళ్ళను ఆమె నిర్దాక్షిణ్యంగా ఖాళీ చేయించేది. ఎవరు మంచివారో తేల్చేది ఆమే, మెచ్చేది ఆమే, గెంటేది ఆమే. ప్రభుత్వం ఇళ్ళు కట్టించి ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు. వృద్ధాప్య పింఛన్లను వ్యతిరేకించింది. పార్లమెంటుకు ఆడవాళ్ళు ఓటు వేయడం కూడా వద్దంది! ఇంటి యజమాని మనసు మంచిదైతే చాలు, హక్కులెందుకు అన్నది ఆమె ధోరణి.

1912లో ఆమె పోయింది. ఆ తర్వాత మూడేళ్ళకు గ్లాస్గోలో ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది, మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళారు, ఫ్యాక్టరీల పనికి జనం వచ్చి పడుతుంటే ఇంటివాళ్ళు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ అనే గృహిణి ముందు నిలబడింది. ఖాళీ చేయించడానికి అమీను మనుషులు వస్తే ఒకావిడ గంట కొట్టేది. ఆ చప్పుడుకి వంటిళ్ళలోంచి, చాకిరేవు గదుల్లోంచి ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి మెట్ల మీద అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళ మీద పిండి పొట్లాలు విసిరేవారు. 1915 నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబాలు పెంచిన అద్దె కట్టడం మానేశాయి. డిసెంబరులో ప్రభుత్వం దిగివచ్చి, అద్దెలను యుద్ధానికి ముందున్న మట్టానికి కట్టిపడేస్తూ చట్టం చేసింది.

ఆ గాలి మన దేశానికీ వచ్చింది. బొంబాయిలో 1918లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. మద్రాసులో 1946లో, హైదరాబాదులో 1954లో, ఆంధ్రప్రదేశ్‌కంతటికీ కలిపి 1960లో వచ్చాయి. అయితే బొంబాయిలో ఏమయిందో చూడండి. అద్దెలు ఏళ్ళ తరబడి కదలకపోయేసరికి మరమ్మతులూ కదలలేదు. పాత భవనాలు కూలుతుంటే, చివరికి 1969లో చట్టం చేసి, పన్ను వేసి, మరమ్మతులకే ఒక బోర్డు పెట్టవలసి వచ్చింది. పారడైజ్ ప్లేస్ గానుగే మళ్ళీ తిరిగిందన్నమాట. హక్కు లేని మంచితనం గెంటేస్తుంది. మరమ్మతు డబ్బు ఎక్కడిదో చెప్పని హక్కు నెత్తిన కూలుతుంది.

మన చేతిలో ఒక పాత ఆయుధం ఉంది, చాలామందికి తెలియదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను. ఇంటి యజమాని తాను చేయించవలసిన రిపేరు, చెప్పాక కూడా సకాలంలో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అలాగే ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో, వాడకంలో అరిగింది పోను, అలాగే అప్పగించాలన్నది అద్దెవారి బాధ్యత. అయితే "చేయించవలసిన" రిపేరు ఏది? అగ్రిమెంటులో రాసుకోకపోతే అక్కడే తగాదా.

2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు నమూనాగా పంపిన అద్దె చట్టంలో దీనికి ఒక జాబితా కూడా ఉంది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, నీళ్ళ గొట్టాలు, కరెంటు తీగలు ఇంటివారివి. కొళాయి వాషరు, తూము శుభ్రం, స్విచ్చులు, తాళాలు అద్దెవారివి. గొట్టం మాది, వాషరు మీది! నవ్వొస్తుంది కాని, ఇంత స్పష్టంగా ముందే కాగితం మీద పెట్టుకుంటే మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట పడక్కర్లేదు. మా మేడ మీది వాటా అగ్రిమెంటులో ఈ జాబితా నా చేత్తో రాసి అంటించాను. దాని కింద ఆక్టేవియా పద్దు కూడా చేర్చాను. ఏడాదికి ఒక నెల అద్దె మరమ్మతులకు. మిగిలితే మీ ఇష్టం.

ఆ జాబితాలో పగిలిన కిటికీ అద్దం అద్దెవారి ఖాతాలోనే ఉంది. పారడైజ్ ప్లేస్‌లో పగిలిన 184 అద్దాలూ ఆక్టేవియా తానే వేయించింది, ముందుగా, ఎవరు పగలగొట్టారని అడక్కుండా. ఆమె అభిప్రాయాలు నాకు చాలా నచ్చకపోయినా, ఆ పని మాత్రం నచ్చింది. ఈ ఏడు మా వాటా పద్దులో ఎనిమిది వందల చిల్లర మిగిలింది. పైన ఉన్న అమ్మాయి దొడ్డివైపు బట్టలారేసుకోవడానికి రెండు కమ్మీలు, మంచి నైలాను తాడు కావాలంది. మా ఆయన "చూద్దాంలే" అనేలోపలే తెప్పించేశాను.