ఉప్పు, చలి, ఆయుష్షు: జపాన్ ప్రాంతీయ మరణాల్లో తేడాలు

జపాన్‌లో పౌరులందరికీ 1961 నుంచి ఆరోగ్య బీమా ఉంది. అయినా మనిషి ఎన్నేళ్లు బతుకుతాడన్నది అక్కడ ప్రిఫెక్చర్‌ను (రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతాన్ని) బట్టి మారుతుంది. 2010 లెక్కల ప్రకారం నగానో పురుషుల సగటు ఆయుర్దాయం 80.88 ఏళ్లు, అవొమొరి పురుషులది 77.28. ఈ ఎడానికి జీవనశైలిని కారణంగా చూపడం సమంజసమే. అయితే జీవనశైలిని వ్యక్తి ఇష్టాయిష్టాలుగా చూసినంత కాలం ఈ తేడాలు అర్థం కావు. అది ఒక ప్రాంతం తరతరాలుగా అమర్చుకున్న బతుకు.

అవొమొరి ఉన్న ఉత్తర హొన్షూ దీవిలో మంచు నెలల తరబడి పొలాలను కప్పేస్తుంది. చలికాలం గడవాలంటే కూరగాయలనూ చేపలనూ ఉప్పులో ఊరవేసి దాచుకోక తప్పేది కాదు. దానికి తోడు సోయా ముద్దతో కాచే ఉప్పటి మిసో పులుసు. 1960లో పరిశోధకుడు లూయిస్ డాల్ ప్రచురించిన పోలిక ప్రకారం ఉత్తరాదిన మనిషి రోజుకు సుమారు 27 గ్రాముల ఉప్పు తినేవాడు. దక్షిణాదిన 14 గ్రాములు. పక్షవాతం మరణాలు కూడా ఉత్తరాదినే ఎక్కువ. ఉప్పు రక్తపోటును పెంచుతుంది. వెచ్చదనం లేని ఇళ్లలో చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి అది ఇంకా పెరుగుతుంది.

నగానో కూడా చలి ప్రాంతమే, ఊరగాయల సీమే. ఒకప్పుడు అక్కడా పక్షవాతం ఎందరినో బలితీసుకుంది. 1945లో అక్కడి సాకు ఆసుపత్రిలో చేరిన డాక్టర్ వకాత్సుకి తోషికజు రోగులు వచ్చేదాకా ఆగలేదు. సిబ్బందితో పల్లెలకు వెళ్లి, నాటకాలు వేసి మరీ ఆరోగ్యం బోధించారు. 1959లో యచిహో గ్రామంలో ఊరందరికీ ఏటేటా ఆరోగ్య పరీక్షలు మొదలయ్యాయి. స్థానిక మహిళలే ఆరోగ్య కార్యకర్తలై ఇరుగుపొరుగు వంటిళ్లలో ఉప్పు తగ్గించే పని భుజాన వేసుకున్నారు. ఇంట్లో ఒక్క గదినైనా వెచ్చగా ఉంచాలన్న ప్రచారమూ సాగింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. అలవాటు మారింది ఊరు ఊరంతా కదిలినందువల్ల.

దక్షిణాది దీవుల ఒకినావా కథ దీనికి తలకిందులు. 1972 వరకు అమెరికా పాలనలో ఉన్న ఆ దీవుల్లో డబ్బా మాంసం, హాంబర్గర్లు, కారు ప్రయాణాలు పాతుకుపోయాయి. పురుషుల ఆయుర్దాయంలో 1995లో 4వ స్థానంలో ఉన్న ఒకినావా 2000 నాటికి 26వ స్థానానికి జారింది. చిలగడదుంపలు తిని పెరిగిన వృద్ధులు దీర్ఘాయువుతో ఉండగా, వారి కొడుకుల తరంలో నడివయసు మరణాలు పెరిగాయి.

జీవనశైలే కారణమన్న ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ప్రిఫెక్చర్ల ఆయుర్దాయాల్లో గరిష్ఠ, కనిష్ఠాల మధ్య దూరం 1990లో 2.5 ఏళ్లు ఉండగా, 2015కల్లా 3.1 ఏళ్లకు పెరిగింది. పొగతాగడం వంటి ప్రమాద కారకాలకూ ఈ తేడాలకూ బలమైన సంబంధం అందులో తేలలేదు. అయినా ప్రిఫెక్చర్ సగటు ఒకినావా తాతనూ మనవణ్నీ ఒకే అంకెలో కలిపేస్తుంది. ప్రాంతాన్నీ పుట్టిన తరాన్నీ కలిపి లెక్కిస్తే తప్ప జీవనశైలి పాత్రను తోసిపుచ్చడం తొందరపాటే అవుతుంది.