తిరగడానికి వెళ్ళడం

నిఘంటువు ప్రకారం ‘తిరునాళ్ళు’ అంటే పవిత్రమైన రోజులు. చిన్నప్పుడు నాకు మాత్రం ఆ మాటలో ‘తిరగడమే’ వినిపించేది. వెళ్ళేది తిరగడానికే కదా! రంగులరాట్నం ముందా, జీళ్ళు ముందా అని ఇంటి దగ్గర ఎవరూ కాగితం మీద రాసుకుని బయల్దేరేవాళ్ళు కాదు. కాళ్ళు ఎటు లాగితే అటు. పిల్లలు తప్పిపోతే మైకులో పేరు పిలిచేవాళ్ళు, అంతే.

ఇప్పుడు ఏదైనా థీమ్ పార్కుకి పిల్లల్ని తీసుకెళ్తున్నానంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ప్లాన్ ఏంటి?’. ఏ గేటు దగ్గర ఎన్నింటికి ఉండాలి, ఏ రైడ్‌కి ముందు పరిగెత్తాలి, ఏ యాప్‌లో ఏది బుక్ చేయాలి. వేడుకకి వెళ్ళడం పరీక్షకి వెళ్ళడంలా ఎప్పుడు మారింది? దీనికో చరిత్ర ఉంది. అది కంచెతో మొదలవుతుంది.

కంచెకి ముందు తోటలున్నాయి. లండన్‌లోని వాక్స్‌హాల్ గార్డెన్స్‌కి 18వ శతాబ్దంలో చాలాకాలం ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. లోపల సంగీతం, దీపాలు, చెట్ల మధ్య దారులు. షిల్లింగు ఇచ్చుకోలేని వాళ్ళు గుమ్మం బయటే, అది నిజమే. లోపలికెళ్ళాక మాత్రం చేసే పని ముఖ్యంగా నడవడమే. ఆ నమూనాలోనే 1843 ఆగస్టు 15న కోపెన్‌హాగెన్‌లో టివోలీ తెరుచుకుంది. దాన్ని పెట్టిన గేయార్ కార్‌స్టెన్సెన్, వినోదంలో ఉన్న జనం రాజకీయాలు ఆలోచించరని చెప్పి రాజు ఎనిమిదో క్రిస్టియన్‌ని ఒప్పించాడని ఒక కథ. నిజమో కాదో గానీ, తీరిగ్గా తిరిగే జనాన్ని చూసి పాలకులకి కలిగే నిశ్చింత ఆ కథలో బాగా తెలుస్తుంది.

కంచె వచ్చింది అమెరికాలో. న్యూయార్క్ పక్కన కోనీ ఐలండ్ అప్పటికే సముద్రతీరపు జాతర లాంటిది. జూదగాళ్ళు, జేబుదొంగలు, బీరు కొట్లు, గుర్రప్పందేలు, అన్నీ ఒకే చోట. 1895లో పాల్ బాయ్టన్ అక్కడ సీ లయన్ పార్కు చుట్టూ కంచె కట్టి గేటు దగ్గర టికెట్టు పెట్టాడు. రెండేళ్ళకి జార్జ్ టిల్యూ అదే పద్ధతిలో స్టీపుల్‌చేజ్ పార్కు తెరిచాడు. కుటుంబాలు నిర్భయంగా రావాలంటే బయటి రచ్చ బయటే ఉండాలన్నది లెక్క. 1907లో స్టీపుల్‌చేజ్ కాలిపోతే, టిల్యూ ఆ బూడిద చూడ్డానికి కూడా పది సెంట్ల టికెట్టు పెట్టాడు. గేటుకున్న శక్తి ఏమిటో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

ఇక వాల్ట్ డిస్నీ. కూతుళ్ళని లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తను బెంచీ మీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఎందుకు లేదా అనుకున్నాడట. ఆ కథ ఆయన తరచూ చెప్పేవాడు. 1951లో టివోలీ చూసొచ్చాడు. 1955 జులై 17న అనహైమ్‌లో, నారింజ తోటలు కొట్టేసిన 160 ఎకరాల్లో డిస్నీలాండ్ మొదలైంది. తొలిరోజు దొంగ ఆహ్వానపత్రాలతో జనం వెల్లువెత్తారు. కొత్తగా పోసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి.

ఆ గందరగోళం కన్నా నాకు ఆసక్తి కలిగించేది దాని నేలపటం. లోపలికి ఒకటే ద్వారం. ఒకటే వీధి. వీధి చివర కోట. కోట ముందు గుండ్రటి కూడలి, అక్కడి నుంచి చక్రపు ఆకుల్లా దారులు. ఏ దారి పట్టినా దూరంగా కంటిని లాగేదేదో ఒకటి ఉంటుంది. అలాంటి వాటిని డిస్నీ ‘వీనీ’లు అనేవాడు. చేతిలో సాసేజి ఊపితే కుక్కపిల్ల వెనకాలే వచ్చినట్టు, మనుషులు వాటి వైపు నడుస్తారని. పోలిక మనకి అంత గౌరవంగా లేకపోయినా ఉద్దేశం స్పష్టం. మ్యాపు లేనివాడు కూడా తిరగగలగాలి. అంటే ఈ పార్కుని ప్లాన్ లేకుండా వచ్చేవాళ్ళ కోసమే, చాలా ప్లాన్ చేసి కట్టారన్నమాట.

మరి సందర్శకుడి నెత్తిన ప్లాన్ ఎప్పుడు పడింది? టికెట్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. మొదట్లో పెద్దలకి ఒక డాలరు, పిల్లలకి యాభై సెంట్లు. రైడ్‌లకి విడిగా కట్టాలి. కొద్ది నెలల్లోనే టికెట్ పుస్తకాలొచ్చాయి. ఏ, బీ, సీ అని తరగతులు. 1959లో ‘ఈ’ టికెట్టు వచ్చింది, అన్నిటికన్నా ఖరీదైన రైడ్‌లకి. 1982లో ఈ పుస్తకాలు పోయి, ఒక్క టికెట్టుతో అన్నీ ఎక్కొచ్చన్నారు. దాంతో డబ్బు స్థానంలో క్యూ వచ్చింది. గేటు దాటినవాళ్ళంతా కట్టే ధర ఒకటే: నిలబడే సమయం. 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో ఆ సమయాన్ని ముందే రిజర్వ్ చేసుకోవచ్చన్నారు, ఉచితంగానే. 2014 నాటికి ఫ్లోరిడాలో, డిస్నీ హోటల్లో దిగేవాళ్ళు 60 రోజుల ముందే, మిగతావాళ్ళు 30 రోజుల ముందు రైడ్‌లు బుక్ చేసుకునే ఏర్పాటు వచ్చింది. 2021 నుంచి ఆ ముందువరసకి డబ్బు కట్టాలి.

ఈ క్రమంలో పోయిందేమిటో చూడండి. క్యూ విసుగే, కానీ అందులో ఒక సమానత్వం ఉండేది. ప్లాన్ వేసుకున్నవాడు ముందుకెళ్ళాలంటే వేసుకోనివాడు వెనక్కి జరగాలి. అందుకే ఇవాళ ప్లాన్ లేకపోవడం నిర్లక్ష్యంలా, పిల్లలకి చేసిన అన్యాయంలా కనిపిస్తుంది.

నేను మా అమ్మాయినీ (ఐదేళ్ళు), మా అన్నయ్య కొడుకునీ (ఎనిమిదేళ్ళు) తీసుకుని అనహైమ్ వెళ్ళినప్పుడు కావాలనే ఏమీ బుక్ చేయలేదు. “అదేంటమ్మా, అంత డబ్బు పోసి ఊరికే తిరిగొస్తారా?” అంది వదిన. ఊరికే తిరిగాం. మొదటి అరగంట వీధిలో నడిచే బాతుల వెనకాలే గడిచింది. అవి డిస్నీ బాతులు కావు, మామూలు బాతులే. తర్వాత తెప్ప ఎక్కి టామ్ సాయర్ దీవికెళ్ళి గుహల్లో దాక్కున్నారు. అక్కడ క్యూ లేదు. రంగులరాట్నం మూడుసార్లు ఎక్కారు. అది 1922లో డెంట్‌జెల్ కంపెనీ తయారుచేసింది. డిస్నీ దాన్ని టొరాంటోలోని సనీసైడ్ పార్కు నుంచి తెప్పించాడు. తన పార్కు కన్నా పాత గుర్రాలు కావాలనుకున్నాడంటే, కొత్తదనం ఒక్కటే చాలదని ఆయనకీ తెలుసన్నమాట. “అత్తా, ఇంకోసారి!” అని మావాడు అడిగినప్పుడల్లా నేను సరేననగలిగాను. తర్వాత వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు కాబట్టి. అందరూ చూసే పెద్ద రైడ్‌లలో సగం మేం చూడనేలేదు. ఇంటికొచ్చాక పిల్లలు వాటి గురించి అడగనూ లేదు.

ఇంతటితో ఆపితే ఇది ‘తీరిగ్గా బతకండి’ అని చెప్పే వ్యాసం అయిపోతుంది. కానీ చరిత్ర అక్కడ ఆగనివ్వదు. ప్లాన్ లేకుండా గేటు దాకా వెళ్ళగలగడం ఎవరికి సాధ్యమైంది?

1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరంలో ఒక తండ్రి కనిపిస్తాడు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్‌కి తీసుకెళ్ళమని ఆరేళ్ళ కూతురు అడుగుతుంది. అక్కడికి నల్లవాళ్ళ పిల్లల్ని రానివ్వరని ఎలా చెప్పాలో ఆ తండ్రికి మాట పెగలదు. జీసీ తరం పట్టణాల మీద, చట్టాల మీద పోరాడిన మనిషి ఆ ఒక్క ప్రశ్న ముందు తడబడ్డాడు. ఆ రోజుల్లో నల్లవాళ్ళ కుటుంబం కారులో ఊరు దాటాలంటే ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు అన్నది ముందే తెలిసుండాలి. దానికోసం విక్టర్ గ్రీన్ 1936 నుంచి ‘గ్రీన్ బుక్’ ప్రచురించాడు. వాళ్ళకి ప్లాన్ అంటే రక్షణ. ‘అలా వెళ్ళొద్దాం’ అన్న మాట తెల్లవాళ్ళకే చెల్లేది.

బాల్టిమోర్ దగ్గరి గ్విన్ ఓక్ పార్కు ముందు ఏళ్ళ తరబడి నిరసనలు జరిగాయి. 1963 జులై 4న ఒక్కరోజే 280 మందికి పైగా అరెస్టయ్యారు. అందులో మతగురువులు కూడా ఉన్నారు. చివరికి ఆగస్టు 28న, వాషింగ్టన్‌లో కింగ్ లక్షల మంది ముందు మాట్లాడిన రోజునే, ఆ గేటు అందరికీ తెరుచుకుంది. షారన్ లాంగ్లీ అనే పదకొండు నెలల పాప, తండ్రి పట్టుకోగా, రంగులరాట్నం గుర్రం ఎక్కింది. అక్కడ రైడ్ ఎక్కిన మొదటి నల్లపాప ఆమే.

మన దగ్గరా లెక్క అంత తేలిక కాదు. తిరునాళ్ళకి గేటు లేదు నిజమే, కానీ ఎవరు ఎక్కడిదాకా రావచ్చో ఊరికి తెలుసు, ఎవరూ బోర్డు పెట్టక్కర్లేదు. 1938లో హైదరాబాద్‌లో మొదలైన నుమాయిష్‌కి గేటూ టికెట్టూ ఉన్నాయి. కానీ ఆ టికెట్టు కులం అడగలేదు. కొన్నిసార్లు కంచె వేసిన చోటే, కంచె లేని చోటికన్నా కొందరికి స్వేచ్ఛగా ఉంటుంది. నా చిన్నప్పటి తిరునాళ్ళని తలుచుకున్నప్పుడు, కాళ్ళు ఎటు లాగితే అటు వెళ్ళింది అందరి కాళ్ళూ కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

గ్విన్ ఓక్ 1972 తుఫానులో దెబ్బతిని మూతపడింది. దాని రంగులరాట్నం మాత్రం 1981లో వాషింగ్టన్ నేషనల్ మాల్‌కి చేరింది. ఆ గుర్రాల్లో ఒకదాని మీద షారన్ లాంగ్లీ పేరు రాసి ఉంది. పేరు చదివి ఎక్కే పిల్లలు తక్కువే ఉంటారు. మిగతావాళ్ళు తమకి నచ్చిన రంగు చూసి ఎక్కేస్తారు.