కొండెక్కే కాలికి కొలత

మే 21 జంషెడ్‌పూర్‌కి రెండు విధాల సొంతమైన తేదీ. 2006లో ఆ రోజు ఆదివారం. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టి, ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఇంజినీరింగ్ చదివిన మల్లి మస్తాన్‌బాబు ఆ రోజే ఎవరెస్టు ఎక్కారు. ఏడేళ్లు గడిచాక, 2013లో సరిగ్గా అదే తేదీన, ఈ ఊరి టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ చలవతో అరుణిమా సిన్హా కృత్రిమ కాలితో అక్కడే నిలబడ్డారు. మస్తాన్‌బాబు ఎక్కి ఇప్పటికి ఇరవై ఏళ్లు. వాళ్ల గుండెధైర్యం గురించి ఎందరో రాశారు. నాకు వాళ్ల పాదాల గురించి రాయాలని ఉంది. కొండ మీద ముందుగా మొరాయించేది పాదమే. ఊపిరి అందకపోతే సిలిండరు ఉంటుంది, చలేస్తే ఇంకో కోటు ఉంటుంది. బూటు కరిస్తే మాత్రం వెనక్కి తిరగడం తప్ప దారి లేదు.

బూటు కరవడమంటే ఏమిటో ఈ ఊరి తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కర్మాగారంలో పనికి వచ్చి కదమా, సోనారి, బిష్టుపూర్‌లలో స్థిరపడిన కుటుంబాల్లో సేఫ్టీ బూటు వేసుకోని ఇల్లు అరుదు. ముందు భాగంలో ఇనుప టోపీ ఉన్న బూటు అది. నంబరు సరిపోయినా వెడల్పు సరిపోకపోతే ఆ ఇనుప అంచు చిటికెన వేలిని షిఫ్టంతా నొక్కుతూనే ఉంటుంది. సాయంత్రానికి బొబ్బ, నెలలు గడిచేసరికి ఆనెకాయ.

మంచులో నడవడానికి మనిషి చేసుకున్న పాదరక్షల్లో చాలా పాతవి 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో దొరికాయి. దాదాపు 5,300 ఏళ్ల కిందట చనిపోయి మంచులో నిలిచిపోయిన ఒక మనిషి కాళ్లకి ఉన్నాయవి. అడుగున ఎలుగుబంటి తోలు, పైన జింక తోలు, లోపల చెట్టునారతో అల్లిన వల, ఆ వలలో కూరిన ఎండుగడ్డి. బాటా కంపెనీ పుట్టిన చెక్ పట్టణం జ్లిన్‌లో పెట్ర్ హ్లావాచెక్ అనే పాదరక్షల శాస్త్రజ్ఞుడు అచ్చం అలాంటివే కుట్టించి కొండల మీద పరీక్షించాడు. అవి వెచ్చగా ఉన్నాయి, కాలిని కరవలేదు. గడ్డి నలిగి ఆ పాదం ఆకారానికే సర్దుకుపోతుంది మరి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిండుతుంది, ఎక్కడ ఒత్తిడి ఉంటే అక్కడ అణుగుతుంది.

ఆ తర్వాతి అయిదు వేల ఏళ్లని ఒక్క అంగలో దాటేయవచ్చు. తోలు, మేకులు, ఇంకా మందమైన తోలు. 1924లో ఎవరెస్టు మీద కనబడకుండా పోయిన మాలరీ మృతదేహం 1999లో దొరికినప్పుడు కాలికి మేకుల బూటు ఉంది. మంచు మీద పట్టు కోసం కొట్టిన ఆ మేకులే అరికాలి వెచ్చదనాన్ని బయటికి లాగేస్తాయి. 1935లో ఆరుగురు సహచరులు కొండ మీద చనిపోవడం చూసిన ఇటలీ పర్వతారోహకుడు విటాలె బ్రమాని, మేకులకి బదులు గాడులున్న రబ్బరు అడుగు తయారు చేశాడు. ఇవాళ మనం కొనే ట్రెక్కింగ్ బూట్ల అడుగు దానికి వారసురాలే.

1953 దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది ఎవరెస్టుకి వెళ్లిన బ్రిటిష్ బృందానికి బూట్లు చేసినవాళ్లు ప్రతి సభ్యుడి పాదం కొలతా విడివిడిగా తీసుకున్నారు. పై తోలుకీ లోపలి అస్తరుకీ మధ్య దాదాపు అంగుళం మందాన బూరుగు దూది నింపారు. మన దిండ్లలో నింపే దూదే ఎవరెస్టు ఎక్కిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. చివరి గుడారంలో, దాదాపు 27,900 అడుగుల ఎత్తున, హిల్లరీ రాత్రి బూట్లు విప్పి పడుకున్నాడు. టెన్సింగ్ విప్పలేదు. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. వాటిని స్టవ్వు మంట మీద కాచి, మెత్తబడ్డాక తొడుక్కొని ఆరున్నరకి బయల్దేరారు. 11.30కి శిఖరం. స్టవ్వులో కిరోసిన్ లేకపోతే ఆ రోజు చరిత్ర ఇంకోలా ఉండేది. టెన్సింగ్ కాళ్లకి ఉన్నవి అంతకుముందు ఏడాది స్విస్ బృందంతో వెళ్లినప్పటి రెయిన్‌డీర్ తోలు బూట్లు. కాలికి అలవాటుపడిన జతనే నమ్ముకున్నాడు ఆయన.

తర్వాత పదేళ్లలో బూటు గట్టిపడింది. 1955 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో స్కీ బూట్లకి తాళ్ల బదులు బకిళ్లు వచ్చాయి. 1960లలో అమెరికాలో బాబ్ లాంగె ప్లాస్టిక్ స్కీ బూటు తెచ్చాడు. మంచు మీద జారుడుకి అది వరం. కాలు ఎటు వంగితే స్కీ అటు తిరుగుతుంది. తోలు వాడే కొద్దీ సాగుతుంది, ప్లాస్టిక్ సాగదు. పాదం వెడల్పుగా ఉన్నవాడికి రెండు పక్కలా నొప్పి, పిక్క లావుగా ఉన్నవాడికి పైన నొప్పి, మడమ లోపల కదిలితే ముంగాలు రాపిడి. నొప్పి భరించలేక ఒక నంబరు పెద్దది తీసుకుంటారు. అప్పుడు పాదం లోపల జారుతుంది, జారకుండా వేళ్లు ముడుచుకుంటాయి, మధ్యాహ్నానికి అరికాలంతా తిమ్మిరి. చలనుకొని రెండు జతల మేజోళ్లు వేస్తే మడతలు పడి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. పలచని మేజోడు ఒక్కటి చాలు.

సరైన బూటు ఎంచే పద్ధతి అనుభవజ్ఞులు ఒకటి చెబుతారు. లోపలి మెత్తని బూటు బయటికి తీసేసి, ఉత్త ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టాలి. వేళ్ల కొసలు ముందు గోడకి ఆనించి నిలబడి మడమ వెనక చెయ్యి పోనివ్వాలి. ఒక వేలి నుంచి రెండు వేళ్ల దాకా సందు ఉంటే పొడవు సరైనదే. మూడు వేళ్లు పట్టిందంటే ఆ జత పక్కన పెట్టేయాలి. ఆ పని ఉదయం కాకుండా సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు చెయ్యాలి. స్కీ బూటు నంబరంటే పాదం పొడవే: 26.5 అంటే 265 మిల్లీమీటర్లు. అద్దె దుకాణంలో బూటు అడిగే ముందు ఇంట్లో గోడకి మడమ ఆనించి స్కేలుతో ఒకసారి కొలుచుకుంటే చాలు.

స్కీ బూటు నుంచే పర్వతారోహకుల ప్లాస్టిక్ డబుల్ బూటు పుట్టింది. బయట ప్లాస్టిక్ డొప్ప, లోపల విప్పుకొని పక్కలోకి తెచ్చుకోగల మెత్తని బూటు. హిల్లరీ కష్టానికి అది సమాధానం. ఆ బూట్ల కాలంలోనే, 1984 మే 23న, బచేంద్రీపాల్ ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అదే ఏడాది ఉక్కు కంపెనీ జంషెడ్‌పూర్‌లో అడ్వెంచర్ ఫౌండేషన్ పెట్టి ఆమె చేతుల్లో పెట్టింది. 1993లో ఆమె నడిపిన భారత్-నేపాల్ మహిళా బృందం నుంచి 18 మంది శిఖరం చేరారు, వారిలో ఏడుగురు మహిళలు. జుగ్సలాయ్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ 2011లో 48 ఏళ్ల వయసులో ఎక్కారు.

ఇక అరుణిమ. ఈ వ్యాసం రాయించింది ఆమె కాలే. జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి ఆమె. 2011 ఏప్రిల్‌లో బరేలీ దగ్గర కదిలే రైల్లోంచి పట్టాల మీద పడ్డారు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కుడి కాలిలో ఇనుప కడ్డీ వేశారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి బయటికొచ్చి నేరుగా బచేంద్రీపాల్ దగ్గరికి వెళ్లారు.

కృత్రిమ పాదానికి బూటు తొడగడం ఎలాగో ఒక్కసారి ఊహించండి. మనం వేళ్లు ముందుకి చాచి, చీలమండ వంచి, మడమని ఆఖర్న దింపుతాం. చాలా కృత్రిమ పాదాలు అలా వంగవు. మెడ ఎత్తుగా ఉండే కొండ బూటులో వాటిని దించాలంటే కుస్తీయే. దించాక బూటు కరిచినా తెలియదు, వదులైనా తెలియదు. నొప్పంతా ఇంకా పైన, మిగిలిన కాలికీ దాన్ని కృత్రిమ కాలితో కలిపే సాకెట్టుకీ మధ్య. అక్కడి కండ రోజులో ఉబ్బుతుంది, తగ్గుతుంది. చెమట పడితే సాకెట్టు జారుతుంది, జారితే చర్మం ఒరుసుకుపోతుంది. అంటే ఆమెకి రెండు బూట్లు సరిపోవాలి: మంచు మీద ఒకటి, మాంసం మీద ఒకటి. నీలి మంచులో బూటు అడుగున కట్టిన క్రాంపన్ ముళ్లు గుచ్చి బరువు వేస్తే మడమ వెనక్కి తిరిగిపోయేదని ఆమె తర్వాత సభల్లో చెప్పారు. తిరిగిన ప్రతిసారీ సరిచేసుకొని మళ్లీ గుచ్చాలి. మనిషికి కాలు ఎక్కడ ఆనిందో చెప్పేది అరికాలు. అది లేకుండా, ఆ నిటారు మంచు మీద, ఆనిందో లేదో కంటితో చూసుకుంటూ ఎక్కడం! ఉత్తరకాశీలో శిక్షణ, 2012లో ఐలాండ్ పీక్, 2013 మే 21 ఉదయం 10.55కి ఎవరెస్టు. ప్రపంచంలో కాలు కోల్పోయాక అక్కడికి చేరిన తొలి మహిళ. శిఖరం మీద తీసిన ఫొటో కంటే ఆ సాకెట్టు లోపలి చర్మం నాకు పెద్ద చరిత్రగా కనిపిస్తుంది.

ఆ మరుసటి ఏడాది మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ ఆమెతో ఉన్నాడు. భువనగిరి బండ మీద శిక్షణతో మొదలైన నడక అది. ఆ వయసులో పాదం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. పల్లెలో చెప్పుల్లేకుండా తిరిగిన పాదం వెడల్పుగా, వేళ్లు విచ్చుకొని ఉంటుంది. కర్ణాటకలో 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఇద్దరు వైద్యులు రాసిన పరిశోధనలో, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతానికి చదునుపాదాలుంటే, తొడగని పిల్లల్లో 2.8 శాతానికే ఉన్నాయి. అంత దృఢమైన పాదాన్ని ఐరోపా అచ్చు మీద పోసిన ఇరుకు బూటులో దూర్చి మంచు మీదికి పంపుతున్నాం. మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు తిరిగారు. అంటార్కిటికా విన్సన్‌కి ఒక రకం బూటు కావాలి, ఆస్ట్రేలియా కోషియూస్కోకి మామూలు నడక బూటు చాలు. బూటు మారినప్పుడల్లా పాదం కొత్త డొప్పతో రాజీ పడాల్సిందే.

ఇప్పుడు వేడి చేసి పాదం ఆకారానికి మలిచే లోపలి బూట్లు వచ్చాయి, పాదాన్ని స్కాన్ చేసే యంత్రాలు వచ్చాయి. ఎండుగడ్డి చేసిన పనే ఇవీ చేస్తున్నాయి, ఖరీదు మాత్రం మన పిల్లలకి అందనిది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు స్కాన్ చేసి, ఐరోపా వాళ్లకంటే మన పాదం వెడల్పని తేల్చింది. దాన్ని బట్టి ‘భ’ పేరుతో మన సొంత కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ఆ కొలతలు కొండ బూటు దాకా రావాలని నా కోరిక. దల్మా కొండ ఎక్కుతూ శిక్షణ మొదలుపెట్టే మన పిల్లలకి ఆ అచ్చు మీద నాలుగు జతలు పోయించి, మంచు మీద పరీక్షించి చూడటానికి ఇంత మంచి ఊరు ఇంకెక్కడ ఉంది?