కలివికోడి వృత్తాంతము



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము రాజులది గాదు, కోటలది గాదు, ఒక పక్షిది. పక్షికి చరిత్ర యేమున్నదని కొందరు నవ్వవచ్చును. శాసనములు వేయించిన వారికి మాత్రమే చరిత్ర గలదని నేను నా శిష్యులకెన్నడును చెప్పలేదు.

మన దేశమున కనుమరుగైన పక్షుల ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలు మొదట తలచునది గులాబితల బాతును. గంగా బ్రహ్మపుత్రల పరీవాహమున, రెల్లు బలిసిన మడుగులలో నివసించిన యీ బాతునకు తలయు మెడయు గులాబివన్నె. వేటకాండ్ర తుపాకులును, మడుగులను ఎండగట్టి పొలములుగా జేసిన సేద్యమును దానిని తరిగించెను. 1935లో బీహారునందలి దర్భంగా సీమలో కనబడిన తరువాత అందరును నమ్మదగిన దర్శనము లేదు. అది ఉత్తరదేశపు కథ. దానికి తోబుట్టువు వంటి కథ యొకటి మన పెన్నాతీరమున గలదు. నేను చెప్పబోవునది దానినే.

కలివి యనగా మీరెరిగిన ముండ్లపొదయే. దాని నల్లని పండ్లను మా పలమనేరు పిల్లలు జేబులలో నింపుకొని బడికి వచ్చెడివారు. పద్యము అప్పగింపుమనగానే ఊదారంగు పట్టిన నాలుకలు బయటపడెడివి. ఆ పొదల నడుమ దిరుగునది గనుక కలివికోడి. నీరుకోడివలెనే యిదియు పేరునకే కోడి. పరిమాణమున ఇంచుమించు పావురమంత; పొడుగు కాళ్లు, పెద్ద కన్నులు; ఎగురుటకంటె పరుగిడుటయందే మక్కువ. పగలెల్ల పొద క్రింద నణగియుండి, చీకటి పడిన పిదప చెదలను, చీమలను, ఇతర పురుగులను ఏరుకొని తినును. రొమ్మున రెండు పట్టెలుండుటచే శాస్త్రజ్ఞులు దానికి లాటినులో రెండు హారములు గలదని యర్థము వచ్చు పేరుంచిరి. వారి పేరు చచ్చిన పక్షిని బల్లపై నుంచి చూచి పెట్టినది. మన పేరు అది బ్రదుకు చోటును చూచి పెట్టినది. రెంటిలో మన పేరే మేలని నా యభిప్రాయము. వెదకువానికి త్రోవ చూపునది గదా!

ఈ పక్షిని శాస్త్రలోకమునకెక్కించినవాడు మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర. 1848లో కలకత్తాలోని బ్లైత్ పండితుడు దానిని గ్రంథస్థము చేసెను. పిమ్మట బ్లాన్‌ఫర్డ్ దానిని గోదావరీతీరమున భద్రాచల ప్రాంతమునను చూచెను. 1900లో క్యాంబెల్ అనంతపురము దరిదాపుల చూచిన పిదప మరి కబురు లేదు. సలీం అలీ మొదలగు మహామహులు పలుమారులు వెదకి విసిగిరి. వారు వెదకినది పగలు. అది తిరుగునది రాత్రి! ఎనుబదియైదు సంవత్సరములకు పైగా పుస్తకములలో ఆ పక్షి లేనిదే యయ్యెను.

1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటము చేరువనున్న రెడ్డిపల్లె వద్ద, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా, ఆ యూరి వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుతురు కన్నులకు గొట్టి సజీవమైన కలివికోడిని పట్టి తెచ్చెను. అది కొలది దినములలోనే మరణించెను. తొంబదవ యేట నున్న సలీం అలీ ఆ వార్త వినగలిగెను. పండితులు గతించినదనుకొన్న పక్షిని పట్టి తెచ్చిన వాడు అక్షరములు నేర్చినవాడు గాడు, అడవి నేర్చినవాడు. 1988లో తపాలాశాఖవారు దాని బొమ్మతో బిళ్లను వెలువరించిరి.

మా సీమకు దగ్గరి మాట యొకటి యున్నది. పలమనేరు నుండి పడమరగా, వెంకటగిరికోట దాటి పోయినచో కోలారు బంగారుగనులు వచ్చును. అచట పశువైద్యుడుగా నుండిన మీటన్ అనునతడు 1917లో ఒక గ్రుడ్డును సేకరించెను. అది సముద్రములు దాటి, చేతులు మారి, తుదకు స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలను చేరెను. ఎన్నియో యేండ్లు ఎవరును తలపెట్టని యా గ్రుడ్డును, పాత చర్మముల అవశేషములతో పోల్చి పరీక్షింపగా, అది కలివికోడిదేయని 2013లో తేలెను. లోకమున దాని గ్రుడ్డు మరియొకటి తెలియదు. అనగా 1917 నాటికి గనుల ప్రాంతమున ఈ పక్షి గూడు పెట్టుచుండెను. కోలారు మెట్టకును మా మెట్టకును నడుమ గోడ యేమియు లేదు. అదే ఎఱ్ఱనేల, అదే కలివి, అదే తుమ్మ. మా తాతల కాలమున మా పొలిమేరలోను అది పరుగులిడి యుండునని నేను నమ్ముచున్నాను. ఇది నా యూహయేగాని సాక్ష్యము గాదు.

ఇట్టి తుప్పను సర్కారు లెక్కలలో బంజరందురు. దున్నుటకో త్రవ్వుటకో తప్ప మరి దేనికిని పనికిరాదని భావము. లంకమల అభయారణ్యపు టంచున పొదలను నరికి వంటచెరకుగాను, యంత్రములతో చదునుజేసి తోటలుగాను మార్చుట సాగినది. తెలుగుగంగ కాలువ త్రవ్వకమును దాని నివాసములోనికి చొచ్చుకొనిపోగా, పక్షిశాస్త్రజ్ఞులు మొరపెట్టుటచే ఆ కాలువ మార్గము మార్చబడినది. నీరు కావలసిన రైతును నేను నిందింపను. రాయలసీమలో పుట్టినవాడెవ్వడును నిందింపడు. అయినను కాలువకు ఇంకొక దారి దొరకినది, పక్షికి ఇంకొక పొద దొరకదు.

దానిని వెదకు విధము వింతైనది. సాయంకాలమున పొదల నడుమ మెత్తని మట్టిబాటలు పరచి చదునుజేసి, తెల్లవారి అడుగుజాడలను చూచెదరు. ప్రొద్దు గ్రుంకిన గంటలోపల అది కొలదిసేపు మాత్రమే కూయును: ‘ట్విక్ టూ, ట్విక్ టూ’ అని, కొన్ని పర్యాయములు, అంతే. 2008 ప్రాంతము తరువాత చిరకాలము ఆ ధ్వనియు వినరాలేదు. 2025 ఆగష్టులో పక్షిప్రియులు కొందరు కడప ప్రాంతమున దానిని మరల విని నమోదు చేసిరి. లోకమంతట మిగిలినవి రెండువందల యేబదికి మించవని అంచనా.

మీ పొలము గట్లనున్న కలివిపొదల చెంత చీకటి పడిన గంటలో ఆ కూత వినవచ్చినచో, దీపము వేసి పట్టబోకుడు. స్థలమును గురుతుంచుకొని అడవిశాఖవారికి తెలియజేయుడు.